పీటేబుల్ డాట్ కామ్: రంగులు వదిలేసి ఆ చిన్న అంకె మార్చి చూడండి

ఆన్‌లైన్ ఆవర్తన పట్టికల్లో పీటేబుల్ పాతకాపు. మైకేల్ డయా 1997లో నెట్‌లో పెట్టాడు. ఇప్పటికీ డబ్బు కట్టకుండా, లాగిన్ అవకుండా వాడుకోవచ్చు. పదో తరగతి, ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఇది ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న. ఒక్క మాటలో: అంకెలు చూసుకోవడానికి దీన్ని మించింది దొరకడం కష్టం, కారణాలు మాత్రం ఇది చెప్పదు. కారణం ముందే తెలిసినవాడి చేతిలో పడితే బంగారం. తెలియనివాడికి రంగురంగుల గళ్లు.

పైన ప్రాపర్టీస్, ఎలక్ట్రాన్స్, ఐసోటోప్స్, కాంపౌండ్స్ అని నాలుగు ట్యాబులుంటాయి. మనకు కావలసినవి మొదటి రెండు. ఫోన్‌లో అయితే అడ్డంగా తిప్పి పట్టుకోండి. 18 గ్రూపులు నిలువు తెరలో ఇరికితే అక్షరాలు చీమల బారులా ఉంటాయి. వీలైతే ల్యాప్‌టాప్ మీద చూడటమే సుఖం.

చాలామంది చేసేదేమిటంటే ప్రాపర్టీస్‌లో ఒక్కో ధర్మాన్నీ నొక్కి, రంగు ఎటు ముదిరిందో చూసి, "ఎడమ నుంచి కుడికి పెరుగుతుంది" అని రాసుకుని మూసేయడం. దానికి ఈ సైటు అక్కర్లేదు, గైడులో బాణం గుర్తు చాలు. అసలు సరుకు అయనీకరణ శక్తి దగ్గరుంది, అంటే పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి కావలసిన శక్తి. అక్కడ ఎన్నో అయనీకరణ కావాలో మార్చుకునే చిన్న అంకె ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. వేలన్సీ ఎలక్ట్రాన్లంటే (బంధానికి వచ్చే బయటి ఎలక్ట్రాన్లు) ఏమిటో కంటికి చూపించేది అదే.

ఒక తెల్లకాగితం తీసుకుని సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్‌లకు నాలుగు వరుసలు గీయండి. అంకె 1 మీద ఉన్నప్పుడు వచ్చే విలువలు 496, 738, 578, 787. అన్నీ మోల్‌కి కిలోజౌళ్లలో. అంకెను 2 చేయండి. సోడియం ఒక్కసారిగా 4562కి ఎగురుతుంది. మెగ్నీషియం 1451, అల్యూమినియం 1817, సిలికాన్ 1577 దగ్గరే ఉంటాయి. 3 చేస్తే మెగ్నీషియం వంతు, 7733. అల్యూమినియం ఇంకా 2745, సిలికాన్ 3232. నాలుగో ఎలక్ట్రాన్‌కి అల్యూమినియం 11577 అడుగుతుంది, సిలికాన్ 4356తో ఇచ్చేస్తుంది. సిలికాన్ మొండికేసేది అయిదో దానికి, 16091.

ఎగిరిన చోటుకి ముందు ఎన్ని ఎలక్ట్రాన్లు తేలిగ్గా వచ్చాయో లెక్కపెట్టండి: 1, 2, 3, 4. అవే వేలన్సీ ఎలక్ట్రాన్లు. ఆ తర్వాతిది లోపలి కర్పరం నుంచి లాగాలి, కేంద్రకం వదలదు. సోడియం ప్లస్ 2 అయాన్ మామూలు రసాయనంలో ఎందుకు కనబడదో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. రెండో అయనీకరణ శక్తి అంటే రెండు ఎలక్ట్రాన్లకూ కలిపి అనుకోవడం ఒకటి. కాదు, అది రెండో ఎలక్ట్రాన్ ఒక్కదానికే. మెగ్నీషియం రెండూ కోల్పోవడానికి 738కి 1451 కలిపితే 2189. రెండోది, ఒక అంకె దగ్గరి రంగును మరో అంకె దగ్గరి రంగుతో పోల్చడం. రంగును నమ్మకండి, విలువ రాసుకోండి.

అంకె మారుస్తుంటే శిఖరం జరగడం కూడా గమనించండి. 1 మీద రెండో పీరియడ్‌లో నియాన్ 2081తో పైన ఉంటుంది. 2 మీద ఆ కుర్చీ లిథియానికి, 7298. 3 మీద బెరీలియానికి. ఒక ఎలక్ట్రాన్ పోయిన లిథియం, రెండు పోయిన బెరీలియం రెండూ హీలియం విన్యాసంలోకి చేరుకుంటాయి కాబట్టి. ఏ గోడ చార్టూ చూపలేని సంగతి ఇది. సైటు మొత్తంలో నాకు నచ్చిన చోటూ ఇదే.

మళ్లీ 1కి వచ్చి రెండో పీరియడ్‌ను నిదానంగా చదవండి: 520, 899, 801, 1086, 1402, 1314, 1681, 2081. రెండు చోట్ల మెట్టు దిగుతుంది. బోరాన్ దగ్గర దిగడానికి కారణం, పోయే ఎలక్ట్రాన్ 2పి ఉపకర్పరం లోది, 2ఎస్ కంటే పై శక్తిలో ఉన్నది. ఆక్సిజన్ దగ్గర 2పి లో నాలుగో ఎలక్ట్రాన్ జతకూడాల్సి వస్తుంది, ఆ వికర్షణ వల్ల సులువుగా పోతుంది. ఎలక్ట్రాన్స్ ట్యాబులోకి వెళ్లి నైట్రోజన్, ఆక్సిజన్ పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తే ఆ జత కనబడుతుంది. సైటు మాత్రం ఈ రెండింటినీ కలిపి చెప్పదు. ముడి మీరే వేసుకోవాలి.

ఇక పరమాణు వ్యాసార్థం. జాగ్రత్తగా ఉండాల్సిన చోటు. కాలిక్యులేటెడ్ (లెక్కగట్టినది), ఎంపిరికల్ (కొలిచినది), కోవలెంట్ (బంధంలో ఉన్నప్పటిది), వాండర్‌వాల్స్ (బంధం లేకుండా ఆనుకుని ఉన్నప్పటిది) అని ఎంపికలుంటాయి. ఏది పెట్టి చూస్తున్నామో గమనించకపోతే కొంప మునుగుతుంది. కాలిక్యులేటెడ్‌లో ఫ్లోరిన్ 42, నియాన్ 38 పికోమీటర్లు. అంటే నియాన్ చిన్నది. వాండర్‌వాల్స్‌లో ఫ్లోరిన్ 147, నియాన్ 154. ఇప్పుడు నియాన్ పెద్దది. పుస్తకంలో ఫ్లోరిన్ లాంటి హాలోజన్‌కు సంయోజక (కోవలెంట్) వ్యాసార్థమూ, నియాన్ లాంటి జడవాయువుకు వాండర్‌వాల్స్ వ్యాసార్థమూ పక్కపక్కన ఇచ్చేసరికి తేడా మరీ పెద్దదిగా కనిపిస్తుంది. నియాన్ బంధం కట్టదు, అందుకే ఆ కొలత. పరమాణువు ఉబ్బిందేమీ లేదు, కొలబద్ద మారిందంతే.

గాలియం దగ్గర గొడవ ఇంకా ముదురుతుంది. ఇంటర్ పాఠంలో అల్యూమినియం 143, గాలియం 135 అని ఉంటుంది. మధ్యలో వచ్చిన పది 3డి ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని సరిగా కప్పలేవు కాబట్టి గాలియం కుంచించుకుపోయిందని వివరణ. ఇదే సైటులో కాలిక్యులేటెడ్ పెడితే అల్యూమినియం 118, గాలియం 136. పుస్తకం తప్పా, సైటు తప్పా? ఏదీ తప్పు కాదు. సైటువి లెక్కగట్టిన విలువలు, పుస్తకంలోవి లోహంలో కొలిచినవి. ఎంసెట్‌కి, అదే ఇప్పటి ఈఏపీసెట్‌కి, పుస్తకం మాటే రాయండి. 3డి ప్రభావానికి సాక్ష్యం కావాలంటే అయనీకరణ శక్తి చూడండి: అల్యూమినియం 578, గాలియం 579. గ్రూపులో కిందికి వస్తే తగ్గాలి, తగ్గలేదు.

ఎలక్ట్రాన్ ఎఫినిటీలో, అంటే పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు విడుదలయ్యే శక్తిలో, ఫ్లోరిన్ 328, క్లోరిన్ 349. క్లోరిన్‌దే ఎక్కువ, ఫ్లోరిన్ మరీ చిన్నది కావడంతో కొత్త ఎలక్ట్రాన్‌కు లోపల తోపులాట. ఇంటర్ పుస్తకంలో ఇవే విలువలు ఎలక్ట్రాన్ గ్రాహ్య ఎంథాల్పీగా రుణ గుర్తుతో ఉంటాయి. గుర్తు మారితే "ఎక్కువ, తక్కువ" తారుమారవుతాయి, బిట్లలో మార్కులు పోయేది అక్కడే.

కర్పరాల వారీ ఎలక్ట్రాన్ల సంఖ్య చూసి చివరి అంకే వేలన్సీ ఎలక్ట్రాన్లు అనే సూత్రం డి బ్లాకులో (పట్టిక మధ్యలోని లోహాల్లో) చెల్లదు. ఇనుము 2, 8, 14, 2. చివర రెండే ఉన్నా ప్లస్ 3 స్థితి ఉంది, ఎందుకంటే 3డి లోవీ బంధానికి వస్తాయి. పక్కనున్న ఆక్సిడేషన్ స్థితులు కూడా చూడాలి.

తొమ్మిదో తరగతి వాళ్లకు ఇది బరువు. వాళ్లకు కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలో బిల్డ్ యాన్ ఆటమ్ నయం. బుట్టలోంచి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు లాగి పరమాణువులో వేయడమే. నెట్ లేకపోయినా దించుకుని ఆడుకోవచ్చు. కాకపోతే నియాన్ దగ్గరే ఆగిపోతుంది, గ్రూపులో కిందికి దిగితే ఏమవుతుందో అక్కడ చూడలేరు.

పీటేబుల్‌లో ఉష్ణోగ్రత జరిపే పట్టీ ఒకటుంది. పరీక్షకు దాంతో పెద్ద పని లేదు గానీ, బెజవాడ మే నెల ఎండకు 313 కెల్విన్ దగ్గర పెట్టి చూడండి. బ్రోమిన్, పాదరసంతో పాటు సీజియం, గాలియం, రుబీడియం కూడా కరిగి ద్రవాలై ఉంటాయి.