బోర్డులు, రూల్స్ బుక్కులు ట్రాన్స్‌లేషన్‌కి ఇచ్చేవాళ్ళు జాగ్రత్త, అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి వైపు యూనిట్లు నడిపేవాళ్ళు, హెచ్ఆర్ పని చూసేవాళ్ళు కాస్త ఓపిక చేసుకుని పూర్తిగా చదవండి, ముఖ్యంగా సేఫ్టీ బోర్డులు తెలుగు, హిందీ, ఒడియాల్లోకి మార్పించే పని మీద ఉంటే. అమీర్‌పేట వైపు ఆఫీసున్న ఒక ట్రాన్స్‌లేషన్ ఏజెన్సీ మమ్మల్ని నిండా ముంచింది. పేరు రాయట్లేదు, లాయర్ వద్దన్నాడు. కానీ వాళ్ళ సేల్స్ మాటలు ఎలా ఉంటాయో చెప్తా, మీకు ఫోన్ వస్తే మీరే గుర్తుపట్టేస్తారు. "మెషీన్ ముట్టుకోం సార్, ప్రతి భాషకీ ఆ భాషలో పుట్టిపెరిగిన మనిషే, ఐఎస్ఓ సర్టిఫైడ్, ట్రాన్స్‌లేషనూ ప్రింటింగూ ఫిట్టింగూ అన్నీ ఒకే ప్యాకేజీ, మీరు టెన్షన్ పడాల్సిన పనే లేదు". ఇదీ పాట.

మాది ప్యాకింగ్ మెటీరియల్ యూనిట్, వెనకాలే గోడౌన్. లోడింగ్‌లో సగంమంది ఒడిశా, బీహార్ పిల్లలు, మిగతావాళ్ళు మహబూబ్‌నగర్, నల్గొండ సైడు. నోటీసులు వర్కర్లలో ఎక్కువమందికి తెలిసిన భాషలో కూడా పెట్టాలనేది 1948 ఫ్యాక్టరీస్ యాక్ట్ కాలం నుంచి ఉన్న మాటే, కొత్తేం కాదు. చట్టం సంగతి పక్కనపెట్టినా ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే చోట బోర్డు అర్థం కాకపోతే ప్రాణం మీదికొస్తుంది కదా, అందుకే ఖర్చైనా సరే అని బయటి వాళ్ళకిచ్చాం. బోర్డులకీ రూల్స్ బుక్కుకీ ఇంగ్లీష్ కాపీ పుణె హెడ్డాఫీసు పంపింది, ఎవరో కన్సల్టెంట్ రాసింది, అందులో ఒక వాక్యం ఇట్లా ఉంది: ఆల్ ఎంప్లాయీస్ మస్ట్ టో ద లైన్.

టో అంటే కాలి వేలు. మాటకి మాట పెట్టుకుంటే కాలి వేళ్ళు గీతకి ఆనించి నిలబడడం. పరుగుపందెంలో గీత దగ్గర నిలబెడతారే అట్లా, ఓడల మీద నేవీ వాళ్ళని డెక్ చెక్కల మధ్య గీత వెంబడి వరసగా నిలబెట్టేవాళ్ళనీ చెప్తారు. వాడుకలో మాత్రం కాలూ లేదు గీతా లేదు, పైవాళ్ళు చెప్పినట్టు నడుచుకోవడం, అంతే. పార్టీ చెప్పినట్టు ఓటేసే ఎంపీల గురించి ఇంగ్లీష్ పేపర్లు రాసేది ఈ మాటతోనే. ఇంగ్లీష్ పేపర్ చదివే అలవాటున్న మనిషి ఎవరైనా ఒక్కసారి చూసుంటే పట్టేసేవాడు.

మరి బోర్డు మీద ఏమొచ్చిందో తెలుసా? "ఉద్యోగులందరూ తమ కాలి వేళ్ళను గీతపై ఉంచవలెను."

నవ్వొస్తుంది కదా, మాకూ ముందు నవ్వే వచ్చింది. కానీ ఆ బోర్డు బిగించింది ఎక్కడనుకున్నారు, ఫోర్క్‌లిఫ్ట్ లేన్ పక్కన. నేల మీద రెండు పసుపు గీతలుంటాయి, వాటి మధ్య బండి తిరుగుతుంది, మనుషులు బయటే నడవాలి. ఫోర్క్‌లిఫ్ట్ మన కార్‌లాగా ముందు చక్రాలతో మళ్ళదు, వెనక చక్రాలతో మళ్ళుతుంది, అందుకని మలుపులో దాని వెనక భాగం బయటికి ఊగుతుంది, గీతకి జానెడు దూరంలో ఉన్నా డేంజరే. అట్లాంటి చోట పెద్దపెద్ద అక్షరాలతో కాలి వేళ్ళు గీత మీద పెట్టమని రాసి పెట్టారు మహానుభావులు. కొత్తగా చేరిన నల్గొండ పిల్లాడు నిజంగానే వచ్చి అడిగాడు, "సార్, ఏ గీత, ఈ పసుపుదేనా, పొద్దున హాజరు టైంలనా లేకుంటే దినమంతానా" అని. మా డ్రైవరన్న పక్క నుంచి అందుకున్నాడు, "పెట్టు తమ్మీ పెట్టు, నేను టర్న్ తీస్కున్నంక ఆ ఏళ్ళు నీయీ గావు నాయీ గావు". ఆ సాయంత్రమే బోర్డు మీద గోనెపట్టా కప్పించాం.

హిందీ ఇంకో రకం కామెడీ. ఇంగ్లీష్ కాపీలో ఒకచోట టో అనే మాటని టి-ఓ-డబ్ల్యూ అని కొట్టారు, అంటే బండిని తాడుకట్టి లాగడం అనే టో. ఇంగ్లీష్ వాళ్ళు కూడా తరచుగా చేసే తప్పే అది. మనిషైతే ఆగి ఫోన్ చేసి అడుగుతాడు. వీళ్ళ హిందీలో అది "సభీ కర్మచారీ రేఖా ఖీంచేఁ" అయి కూర్చుంది. ఖీంచ్‌నా అంటే లాగడమూ అవుతుంది, గీత పక్కనుంటే గీయడమూ అవుతుంది. మా బీహార్ కుర్రాడు చదివి "చాక్ కౌన్ దేగా సాబ్" అన్నాడు. ఒడియా నాకు రాదు, మా లోడింగ్ పిల్లలతో చదివించా, అందులోనూ పాదాలూ వేళ్ళేనంట.

ప్రూఫ్, అంటే ప్రింట్‌కి ముందు చూసుకునే కాపీ, పంపలేదా అని అడుగుతారు మీరు. అడిగాం, మెయిల్లో కూడా ఉంది, "డిజైన్ టీమ్ దగ్గరుంది, వస్తది సార్" అంటూనే ఒకరోజు పొద్దున్నే ఆటో ట్రాలీలో బోర్డులేసుకుని దిగిపోయారు, వాళ్ళ కుర్రాళ్ళే డ్రిల్లింగ్ చేసి బిగించేసి వెళ్ళారు. నేను ఆఫీసుకొచ్చేసరికి పని అయిపోయింది. ఇదే ఆ ఒకే ప్యాకేజీలో ఉన్న కిటుకు, గోడకెక్కాక బిల్లు ఆపలేరని వాళ్ళ ధైర్యం.

లొల్లి చేస్తే, సరే సార్ మళ్ళీ చేయిస్తాం, కాకపోతే అది ఇడియమ్ (జాతీయం) కాబట్టి క్రియేటివ్ కేటగిరీ, రేటు వేరు అన్నారు. పరేషాన్ అయిపోయి మొదటి పేజీ ఒక్కటి చేసి చూపించమన్నాం. తెలుగులో వచ్చింది: "సూపర్‌వైజర్ తానా అంటే కార్మికులు తందానా అనవలెను." దేవుడా! ఎవడో నెట్‌లో వెతికి దొరికింది దొరికినట్టు అతికించాడు. అది వెనకాల ఎక్కిరించేటప్పుడు అనే మాట, ఎండలో లారీ దించుతున్న మనిషి ఎదురుగా గోడ మీద రాసే మాటా? యూనియన్ వాళ్ళు చూసుంటే గేటు దగ్గరే కూర్చునేవాళ్ళు. హిందీలో "లకీర్ కే ఫకీర్ బనేఁ" అని పెట్టారు. లకీర్ అంటే గీత కదా అని సంబరంగా పెట్టేసుంటారు, కానీ లకీర్ కా ఫకీర్ అంటే పాత పద్ధతినే గుడ్డిగా పట్టుకు వేలాడేవాడు, అదొక వెక్కిరింత. పుణె హెడ్డాఫీసుకి పంపిన మరాఠీలో పళ్ళెం కింద పిల్లి సామెత ఉందంట, అక్కడి మేడమ్ ఫోన్లో ఒకటే తిట్లు, ఎందుకంటే మరాఠీలో ఆ పిల్లి అంటే నోరెత్తకుండా ఒకరి కింద పడి ఉండేవాడు.

విచిత్రమేంటంటే మన దగ్గర మాటలు లేక కాదు. గీసిన గీత దాటడు అంటాం, మాట జవదాటడు అంటాం, తు.చ. తప్పకుండా చేస్తాడు అంటాం. మా అకౌంట్స్‌లో తమిళాయన ఉన్నాడు, వాళ్ళకీ "కిళిచ్చ కోట్టై తాండమాట్టాన్" అని గీత దాటకపోవడమే, కన్నడలోనూ "హాకిద గెరె దాటల్ల" అంటే అదే. ఇంగ్లీషోడు గీత మీద నిలబడతాడు, మనం గీత దాటం, ఇంత దగ్గర మాట ఉండగా కాలి వేళ్ళ దాకా పోవాల్సిన అవసరమేంటో! వీళ్ళ బ్రోచర్లో ఫ్రెంచ్, జర్మన్ కూడా ఉన్నాయండోయ్. ఫ్రెంచ్ వాళ్ళు ఇదే సంగతిని వేలికీ కంటికీ లోబడడం అంటారు, జర్మన్లు ఒకరి పీపీకి ఆడడం అంటారు, ఆ ఆర్డర్ ఇచ్చినోళ్ళ గోడల మీద ఏముందో తలుచుకుంటేనే భయమేస్తుంది.

మెషీన్ ముట్టలేదన్నారు కదా, ఫైల్ మొత్తం కూర్చుని చదివితే ప్రొడక్షన్ లైన్ అన్నచోటల్లా "ఉత్పత్తి రేఖ" అని ఉంది, రేఖ ఆపి భోజనానికి వెళ్ళవలెనట. ఇది మనిషి చేసే పని కాదు, చేసినా ఇంకో మనిషి చూసిన పని కాదు.

ఐఎస్ఓ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే పడిపోతారు. వాళ్ళు చూపించిన సర్టిఫికెట్ ఐఎస్ఓ 9001. అది ఏ కంపెనీకైనా ఇచ్చే క్వాలిటీ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్, బిస్కెట్ ఫ్యాక్టరీకీ ఉంటుంది. ట్రాన్స్‌లేషన్‌కి వేరే ఉంది, ఐఎస్ఓ 17100, 2015లో వచ్చింది. దాని ప్రకారం ఒకళ్ళు చేసినదాన్ని ఇంకొకళ్ళు మూలంతో పోల్చి చూసి తీరాలి, మెషీన్ చేసినదాన్ని పైపైన దిద్ది ఇవ్వడం అసలు దాని కిందకే రాదు. అట్లా దిద్దే పనికి 2017లో ఐఎస్ఓ 18587 అని వేరేగా పెట్టారు. కాబట్టి ఐఎస్ఓ అనగానే తలూపకుండా నంబర్ ఎంత అని అడగండి. ఆ ఏజెన్సీ వాణ్ణి ఇప్పుడడిగితే "సేమే సార్" అన్నాడు.

ఇక డబ్బులు. మొత్తంలో 60 శాతం అడ్వాన్స్, మిగతాది ఫిట్టింగ్ రోజు మా స్టోర్స్ కుర్రాడి దగ్గర డెలివరీ చలాన్ మీద సంతకం పెట్టించుకుని, దాన్నే పని ఒప్పుకున్నట్టుగా చూపించి డిమాండ్ చేస్తున్నారు, పైన 18 శాతం జీఎస్టీ. కన్స్యూమర్ ఫోరంకి పోదామనుకుంటే లాయర్ చెప్పింది ఏంటంటే, 2019 కన్స్యూమర్ చట్టం ప్రకారం వ్యాపార అవసరానికి తీసుకున్న సర్వీసైతే మనం వినియోగదారుడి కిందకి రావడమే కష్టం, కంపెనీ పేరున బిల్లుంటే వాళ్ళు మొదట పట్టుకునే పాయింట్ అదేనట. ఇంట్లో సర్టిఫికెట్లు, వీసా కాగితాలు సొంతానికి చేయించుకుని మోసపోయినవాళ్ళైతే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, మాలాంటివాళ్ళకి మాత్రం లీగల్ నోటీసు, సివిల్ దారే, అది ఎప్పటికి తేలుతుందో మీకూ తెలుసు. అందుకే అడ్వాన్స్ దగ్గరే చెయ్యి బిగబట్టండి.

మీరు ఎవరికిచ్చినా ముందు ఒక ఇడియమ్ ఉన్న పేరా ఇచ్చి శాంపిల్ అడగండి. బాస్ జంప్ అంటే హౌ హై అని అడగాలి, అంటే చెప్పింది ఎదురు మాట్లాడకుండా చేయాలి అనే ఇంగ్లీష్ మాట ఉంది చూడండి, అది ఇవ్వండి, ఎంత ఎత్తు నుంచి దూకాలి అని తెలుగులో వచ్చిందంటే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి, ర్యాకులున్న గోడౌన్లో అది పెట్టుకుంటే చచ్చినట్టే. వచ్చినదాన్ని ఇంగ్లీష్ చూడని మనిషికి, అంటే మీ లోడింగ్ వాళ్ళకే ఇచ్చి, దీన్ని చదివి నువ్వేం చేస్తావో చెప్పు అనండి, వాళ్ళకంటే మంచి ప్రూఫ్‌రీడర్ దొరకడు. ప్రింటింగ్, ఫిట్టింగ్ ఎట్టి పరిస్థితిలో వాళ్ళకే కలిపి ఇవ్వకండి. ప్రూఫ్ మీద మీ సంతకం లేకుండా ప్రింట్ చేస్తే పైసా ఇవ్వం అని ఆర్డర్ కాగితంలోనే రాయించండి, చలాన్ మీద సంతకం పెట్టేవాడికి "సరుకు ముట్టింది, చెక్ చేయలేదు" అని రాయడం నేర్పండి.

మేం చివరికి ఆ ఇంగ్లీష్ వాక్యాన్నే పీకేయమని పుణె వాళ్ళకి చెప్పాం, వాళ్ళు కొంచెం మూతి ముడిచారు కానీ ఒప్పుకున్నారు. "సూపర్‌వైజర్ చెప్పినట్టు చేయండి. పసుపు గీత లోపలికి రాకండి." రెండు ముక్కలు, నేనూ డ్రైవరన్నా కూర్చుని రాసుకున్నాం, హిందీ బీహార్ కుర్రాడే చెప్పాడు. చిక్కడపల్లిలో సన్‌బోర్డ్ మీద కొట్టించి పెట్టాం.

ఒడియా ఒక్కటి ఇంకా మిగిలిపోయింది. మా పిల్లలు నోటితో చెప్తారు గానీ బోర్డుకి తగ్గట్టు తప్పుల్లేకుండా రాయలేమంటున్నారు. హైదరాబాద్‌లో ఒడియా రాసి టైప్ చేసి ఇచ్చే నికరమైన మనిషి ఎవరైనా తెలిస్తే చెప్పండి, ఏజెన్సీ వద్దు, మనిషే కావాలి, డబ్బులు పని చూశాకే.