అయిదు వారాల్లో తొమ్మిదేళ్లు తగ్గించిన పరీక్ష

నా వయసు 47. వారానికి 70 కిలోమీటర్లకు తగ్గకుండా కోనసీమ కాలువ గట్ల మీద పరుగెత్తుతాను. ఇంత పరుగుతో ఒళ్లు అరిగిపోతుందని ఇంట్లో అనని రోజు లేదు కనుక, కణాల వయసు చెబుతామన్న టెలోమియర్ పరీక్ష ప్రకటన కనబడగానే 8,500 రూపాయలు కట్టాను. ఇలాంటి పరీక్ష అమ్మేవారు చాలామందే ఉన్నారు కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

సేవలో వంక పెట్టడానికి లేదు. అమలాపురంలో మా ఇంటికి చెప్పిన సమయానికే, ఉదయం ఆరున్నరకు, కుర్రవాడు వచ్చి ఒక్క పోటుతో రక్తం తీసుకుని ఐసు పెట్టెలో సర్దుకుపోయాడు. రిపోర్టు 18 రోజుల్లో ఫోనుకు వచ్చింది. అందులో నా ‘కణ వయసు’ 53 అని ఉంది.

కొబ్బరి పీచు తాడు కొస విడిపోకుండా మన వాళ్లు ముడి వేస్తారు. క్రోమోజోముల కొసలకు టెలోమియర్లు చేసే పని దాదాపు అదే. కణం విభజన చెందినప్పుడల్లా అవి కొంత కురచబడతాయి, టెలోమరేజ్ అనే ఎంజైము వాటిని తిరిగి పొడిగించగలదు. ఈ పరిశోధనకే ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కెరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. రక్తంలోని తెల్లకణాల్లో టెలోమియర్ల సగటు పొడవు కొలిచి, కురచగా ఉంటే వయసు ఎక్కువని ఈ పరీక్ష లెక్కగడుతుంది. రిపోర్టు మొదటి పేజీ నిండా ఆ నోబెల్ ప్రస్తావనే ఉంది గాని, నా రక్తాన్ని ఎవరి సగటుతో పోల్చారో, కొలతలో ఎంత తేడా రావచ్చో ఒక్క వాక్యం కూడా లేదు.

అసలు అభ్యంతరం వేరే ఉంది. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికే లేచి 18 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి చెయ్యి చాచాను. చివరిసారి ఎప్పుడు వ్యాయామం చేశారని నన్నెవరూ అడగలేదు. కఠినమైన పరుగు తరువాత కొన్ని గంటలపాటు రక్తంలో తెల్లకణాల సంఖ్యా, వాటి రకాల పాళ్లూ మారిపోతాయి. ఒక్కో రకం కణంలో టెలోమియర్ పొడవు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, పాళ్లు మారితే సగటు పొడవు కూడా మారినట్లు కనబడవచ్చు.

పరుగు గురించి పరిశోధనలు చెప్పేది 53 అనే ఆ అంకె కలిగించే భయానికి చాలా దూరంగా ఉంది. వ్యాయామం అలవాటు లేని ఆరోగ్యవంతులతో జర్మనీలో ఆరు నెలలపాటు, వారానికి మూడుసార్లు 45 నిమిషాల చొప్పున సాధన చేయించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, నిలకడగా పరుగెత్తినవారిలోనూ, విరామాలతో వేగంగా పరుగెత్తినవారిలోనూ టెలోమరేజ్ చురుకుదనం, టెలోమియర్ పొడవు పెరిగాయి. బరువులతో సాధన చేసినవారిలో ఆ మార్పు రాలేదు. ఇంట్లో వాళ్ల భయానికి ఆధారం అసలు లేదనీ అనలేను. మితిమీరిన సాధనతో తీరని అలసటకు లోనైన క్రీడాకారుల కండరాల్లో టెలోమియర్లు అసాధారణంగా కురచగా ఉన్నాయని 2003లో ఒక చిన్న అధ్యయనం తెలిపింది. అయితే ఆ కొలత కండరం ముక్కలో తీసినది. రక్తం చూసి చెప్పే ఈ పరీక్ష నా పిక్కల సంగతి ఎలా చెప్పగలదు?

సందేహం తీరక, అయిదు వారాల తరువాత మళ్లీ 8,500 కట్టి (ఈ ఖర్చు ఇంట్లో ఇంకా చెప్పలేదు) రెండు రోజులు పరుగు మానేసి రక్తమిచ్చాను. సాధనలోగాని, తిండిలోగాని మరే మార్పూ లేదు. ఈసారి కణ వయసు 44 అని వచ్చింది. తెల్లకణాల టెలోమియర్లు వేల బేస్ జతల (డీఎన్‌ఏ పొడవును కొలిచే ప్రమాణం) పొడవు ఉంటే, ఏడాదికి తరిగేది సగటున కొన్ని పదులే. అంత సన్నని మార్పును పట్టవలసిన కొలత అయిదు వారాల్లో తొమ్మిదేళ్లు ఊగితే, ఆ అంకెను బట్టి పరుగు పెంచడంగాని తగ్గించడంగాని నేను చేయను. ఈ పరీక్షకు అయిదు నక్షత్రాల్లో రెండిస్తున్నాను, ఆ రెండూ రక్తం తీసిన కుర్రవాడివే.

మొదటి రిపోర్టు చివర, వయసు తగ్గడానికి వాడమంటూ అదే సంస్థ అమ్మే బిళ్లల ప్రకటన ఉంది. రెండో రిపోర్టు చివర కూడా అవే బిళ్లలు ఉన్నాయి, ఈసారి తగ్గిన వయసును నిలబెట్టుకోవడానికట.