రాత్రి రెండింటికి బెల్ కొట్టి చూడండి

అపాయింట్‌మెంట్ తీసుకుని పగటిపూట వెళ్తే వృద్ధుల హోమ్‌లన్నీ బాగానే కనిపిస్తాయి. రాత్రి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మాకు నెల ఫీజులో 40 శాతం ఖర్చయింది. వారం రోజులు ఉండి చూసే ఈ ఏర్పాటును వాళ్లు ‘ట్రయల్ స్టే’ అంటారు. నెలలో వారమంటే పాతిక శాతం కూడా కాదు కదా అని అడిగితే, ‘షార్ట్ స్టే రేటు వేరండీ’ అన్నాడు మేనేజర్ నవ్వుతూ. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇదంతా మా మేనత్త కోసం. ఎనభై దాటాయి. వాకర్‌తో నడుస్తుంది, షుగర్‌కి ఇన్సులిన్ వేసుకుంటుంది, మతి మాత్రం మా అందరికంటే చురుకు. మావయ్య పోయాక ఒంటరిగా ఉంటూ బాత్రూమ్‌లో జారిపడింది. ‘హోమ్‌లోనైనా చేరతాను గానీ మీ ఇళ్లకు రాను’ అని తనే తేల్చేసింది. అక్కా, నేనూ, అత్తయ్యా కలిసి తిరగడం మొదలుపెట్టాం. చాలావాటి గురించి చెప్పడానికేమీ లేదు. ఒకటి మరీ దూరం, ఒకదాంట్లో ఖాళీల్లేవు, ఇంకోదాని ర్యాంప్ ఎక్కేసరికి నాకే ఆయాసం వచ్చింది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవైనా ఉంటేనే వీల్‌చెయిర్ సాఫీగా ఎక్కుతుంది.

ట్రయల్‌కు దిగిన చోటు చూడటానికి మాత్రం దివ్యంగా ఉంది. పెద్ద లాబీ, అక్వేరియం, గోడల నిండా నవ్వుతున్న పెద్దవాళ్ల ఫొటోలు. అక్క అక్కడే ఫ్లాటైపోయింది. గదికి బాల్కనీ, ఎదురుగా చెట్లు ఉండేసరికి అత్తయ్యా సరేనంది. లెక్కలు కాగితం మీద పెట్టారు. మూడు నెలల ఫీజు డిపాజిట్, వెళ్లేటప్పుడు అందులో పదో వంతు కోత, ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు నోటీసు. ఆస్పత్రిలో చేరినా గది ఉంచినందుకు పూర్తి ఫీజు. ఇన్సులిన్ వేయడానికి, స్నానం చేయించడానికి, ఆస్పత్రికి తోడు రావడానికి విడివిడిగా ఛార్జీలు. అన్నీ కూడితే బ్రోషర్‌లో వేసిన ఫీజుకు ఒకటిన్నర రెట్లు తేలింది. అందుకే ఫీజెంత అని అడగడం దండగ. ‘ఇలాంటి మనిషికే పోయిన నెల వేసిన బిల్లు, పేరు కొట్టేసి చూపించండి’ అని అడగాలి.

మొదటి రాత్రి నేను తోడుంటానన్నాను. అదీ ఊరికే కాదు, రోజు ఫీజులో సగం. పోనీలే అని కట్టాను.

రాత్రి రెండింటికి అత్తయ్య బాత్రూమ్‌కి లేచింది. నేను తీసుకెళ్లగలను, కానీ నేను లేనినాడు ఏమవుతుందో చూద్దామని ‘బెల్ కొట్టు అత్తయ్యా’ అన్నాను. కొట్టింది. కారిడార్‌లో ఎక్కడో బజర్ మోగడం మాకూ వినిపిస్తోంది. పది నిమిషాలకు ‘ఇంక నా వల్ల కాదే’ అంది. నేనే తీసుకెళ్లి తీసుకొచ్చి పడుకోబెట్టాను. ఆయా వచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలైంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. కాళ్లు వాచిపోయి ఉన్నాయి. పగటి డ్యూటీ చేసింది, రాత్రికి రావాల్సినామె రాకపోతే అలాగే ఉండిపోయిందట. రెండు అంతస్తులకు తనొక్కతే. నర్సేదమ్మా అంటే ‘ఫోన్ చేస్తే వస్తారండీ’ అంది. ఐదుగురికి ఒక కేర్‌టేకర్ అని మేనేజర్ పగలు చెప్పిన లెక్కలో వంటవాళ్లు, తోటమాలి కూడా ఉన్నారని అప్పుడే తెలిసింది.

ఇక నిద్రెక్కడ పడుతుంది? లేచి చూడటం మొదలుపెట్టాను. బాత్రూమ్‌లో ఎమర్జెన్సీ తాడు ఉంది. కిందపడ్డ మనిషికి అందాలంటే అది నేలదాకా వేలాడుతూ ఉండాలి. కడిగేటప్పుడు తడిసిపోతోందని కాబోలు, దాన్ని చుట్ట చుట్టి పైన టవల్ కొక్కేనికి ముడేశారు. నిలబడి ఉన్న నాకే చెయ్యెత్తితే గానీ అందలేదు. కారిడార్ చివర, మంటలొస్తే బయటపడాల్సిన తలుపుకి గొలుసు, తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ గేటు దగ్గర. మతిమరుపు ఉన్నవాళ్లు బయటికి వెళ్లిపోకుండా అట. అలాంటివాళ్ల కోసమే, మామూలప్పుడు మూసి ఉండి ఫైర్ అలారం మోగగానే వాటంతటవే తెరుచుకునే తాళాలున్నాయి. గొలుసు చవక, అంతే తేడా.

పక్క గదిలో ఆవిడ పగలు చక్కగా నడిచింది. రాత్రి ఆమె మంచానికి రెండువైపులా రెయిల్స్ ఎత్తేసి ఉన్నాయి. పడిపోకుండా అన్నారు. నడవగలిగిన మనిషి ఆ రెయిల్స్ దాటి దిగబోతే ఇంకా ఎత్తునుంచి పడుతుంది, సందుల్లో ఇరుక్కుని ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. డ్యూటీలో ఒక్కరే ఉన్నప్పుడు ఎవరూ మంచం దిగకపోతే వాళ్లకు సుఖం. అదీ అసలు సంగతి.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి అక్క వచ్చింది. నర్సు టేబుల్ మీద మందుల చార్ట్ తెరిచి ఉంది. అత్తయ్య పేరున్న వరసలో రాత్రి తొమ్మిదింటి గడిలో అప్పటికే టిక్కూ, సంతకమూ ఉన్నాయి! ఇంకా ఐదు గంటలుంది. అక్క వేలు పెట్టి చూపిస్తే ‘రాత్రి టైముండదు మేడమ్, ముందే పెట్టేసుకుంటాం’ అంది నర్సు, అందులో తప్పేముందన్నట్టు. చార్ట్ చూసి మందు పడిందో లేదో చెప్పలేనప్పుడు ఒక డోసు తప్పినా తెలియదు, రెండుసార్లు పడినా తెలియదు. ఇన్సులిన్ రెండుసార్లు పడితే ప్రాణం మీదికే వస్తుంది. దానికి తోడు రాత్రి భోజనం ఐదున్నరకే, మళ్లీ టిఫిన్ పొద్దున తొమ్మిదింటికి. మధ్యలో పదిహేనున్నర గంటలు ఖాళీ కడుపు. అమెరికా నర్సింగ్ హోమ్‌లకైతే, పడుకునే ముందు గట్టిగా ఏదైనా పెడితే తప్ప ఆ మధ్య వ్యవధి 14 గంటలు దాటకూడదని నిబంధనే ఉంది.

అక్క సామాను సర్దేసింది. అత్తయ్య మాత్రం బాల్కనీ వదిలి రానని అలిగింది. ఇంటికొచ్చేదాకా కార్లో ఒక్క మాట లేదు. మిగిలిన రోజుల డబ్బు అడిగితే రూల్ ఒప్పుకోదన్నారు. ఏదీ రూల్ అంటే ఫారం వెనక చిన్నక్షరాల్లో ఉంది, నిజమే. చార్ట్ ఫొటో తీశానని అక్క మెల్లగా చెప్పాక సగం తిరిగిచ్చారు.

ఆ తర్వాత ఎక్కడికెళ్లినా మొదట ఒకే ప్రశ్న వేశాం. ‘పోయిన మూడు నెలల్లో మీ దగ్గర ఎంతమంది పడ్డారు?’ చాలాచోట్ల జవాబు: ‘మా దగ్గర ఎవరూ పడరండీ.’ 65 దాటినవాళ్లలో ఏటా 28 నుంచి 35 శాతం మంది పడతారనీ, ఇలాంటి సంస్థల్లో ఉండేవాళ్లలో అయితే 30 నుంచి 50 శాతం అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదికలోనే ఉంది. ఎవరూ పడరంటే అబద్ధమైనా చెబుతూ ఉండాలి, అసలు రాయకుండానైనా ఉండాలి. అక్కడితో నమస్కారం పెట్టి లేచి వచ్చేసేవాళ్లం.

చివరికి దొరికినది పాత రెండంతస్తుల బిల్డింగ్. రంగు వెలిసింది, గేటు కిర్రుమంటుంది. అక్కకు మొహం మాడింది. చెప్పకుండా సాయంత్రం ఏడున్నరకు వెళ్లాం. ‘మందులిచ్చే టైమండీ, ఇరవై నిమిషాలు కూర్చోండి’ అంది నర్సు. ఆ మాటతోనే నాకు సగం నచ్చేసింది. ట్రాలీ తోసుకుంటూ ఒక్కొక్కరి దగ్గర ఆగి, పేరు చూసుకుని, మాత్ర ఇచ్చి, మింగేదాకా నిలబడి, అప్పుడు చార్ట్‌లో రాసి ముందుకు కదిలింది. పడటం గురించి అడిగితే రిజిస్టర్ తీసింది: ‘మూడు నెలల్లో ఏడుసార్లు, మనుషులు ఐదుగురు. ఒకాయనకు తుంటి విరిగింది.’ తర్వాత ఏం చేశారో కూడా ఆ పక్కనే రాసి ఉంది. ఒకరికి మంచం దగ్గర రాత్రి దీపం, ఒకరికి వదులు చెప్పులు మార్పించడం, ఒకరికి డాక్టర్‌ని అడిగి నిద్రమాత్ర తగ్గించడం.

బరువుల పుస్తకం చూశాక నాకిక అనుమానం మిగల్లేదు. ప్రతినెలా అందరి బరువూ తూస్తారు. నెలలో ఐదు శాతం తగ్గితే ఊరుకోకూడదన్నది వైద్యుల లెక్క. ఒకావిడ 52 నుంచి 49 కిలోలకు దిగింది, ఆ అంకె చుట్టూ ఎర్ర సున్నా. పక్కన: ‘కట్టుడు పళ్లు గుచ్చుకుంటున్నాయి, నమలడం లేదు. సరిచేయించాం.’ తర్వాతి నెల 51. ఎవరో కూర్చుని ఆవిడ నోరు తెరిపించి చూశారన్నమాట. ఏ అక్వేరియం ఈ పని చేస్తుంది?

మంచాన ఉన్నవాళ్లలో బెడ్‌సోర్స్, అంటే కదలకుండా పడుకుని ఉంటే ఒంటి మీద పడే పుండ్లు, ఎంతమందికి ఉన్నాయంటే ఒకరికి అన్నారు, ఆస్పత్రి నుంచి వచ్చేటప్పటికే ఉందట, మడమ దగ్గర. వేడినీళ్ల కుళాయి కింద నేనే చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగానే ఉంది. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో ఒళ్లు కాల్చేస్తాయి, పెద్దవాళ్ల పల్చటి చర్మానికి అంతసేపు కూడా అక్కర్లేదు. జనరేటర్ దేనిదేనికి పనిచేస్తుందో కూడా అడగండి. లిఫ్ట్‌కా, లైట్లకేనా, ఫ్యాన్లూ ఏసీలూ నడుస్తాయా? 2017లో ఇర్మా తుఫాను తర్వాత ఫ్లోరిడాలో ఒక నర్సింగ్ హోమ్‌కు ఏసీ కరెంటు పోయింది. ఆ ఉక్కకు పన్నెండు మంది పోయారు, ఆస్పత్రి పక్కనే ఉండగా.

అంతా బంగారమని చెప్పను. హాల్లో మేం కూర్చున్నప్పుడే ఒక కేర్‌టేకర్ ఒక పెద్దాయన మీద అరిచింది. ఇలాంటి సంస్థల్లో ప్రతి ముగ్గురు సిబ్బందిలో ఇద్దరు, గత ఏడాదిలో తాము ఏదో రకంగా పెద్దవాళ్లతో తప్పుగా ప్రవర్తించామని ఒప్పుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి అరుపు వినపడని చోటు కోసం వెతికే ఓపిక నాకు లేదు. అరిచాక ఏం జరుగుతుందో చూశాను. నర్సు ఆ అమ్మాయిని పక్కకు పిలిచి మాట్లాడింది, ఆ పెద్దాయన దగ్గర కాసేపు తనే కూర్చుంది. ఎక్కడికెళ్లినా హాల్లో అరగంట ఊరికే కూర్చోండి. నోరున్నవాళ్లను అందరూ బాగానే చూస్తారు. నోరు లేనివాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో వినండి.

ఇక్కడ బ్రోషర్ ఫీజు మొదటిదానికంటే పది శాతం ఎక్కువ, బిల్లు మాత్రం పాతిక శాతం తక్కువ. ఇన్సులిన్, స్నానం అందులోనే. డిపాజిట్ ఒక్క నెల, మొత్తం తిరిగిస్తారు, నోటీసు పదిహేను రోజులు. రాత్రి అంతస్తుకు ఇద్దరు, నర్సు బిల్డింగ్‌లోనే. చేరాక అక్క చెప్పాపెట్టకుండా రాత్రి ఉండి బెల్ కొట్టించింది. నాలుగు నిమిషాల్లో వచ్చారు.

లిఫ్ట్ మాత్రం నత్తనడక, హాల్లో టీవీ చెవులు చిల్లులు పడేలా పెడతారు, గదికి బాల్కనీ లేదు. వంట చప్పగా ఉందని అత్తయ్య మేనేజర్‌తో ఒకసారి, వంటాయనతో ఒకసారి గొడవ పడింది. ఇప్పుడు గదిలో ఉండే ఆవిడ గురక మీద పడింది. గది మార్చమని అర్జీ పెట్టింది, మొదటి అంతస్తులో ఖాళీ అవగానే ఇస్తామన్నారు. ఎప్పుడవుతుందో నువ్వు కనుక్కో అని నాకు రోజూ ఫోన్.