శాన్ ఫ్రాన్సిస్కోలో రెండు బేస్‌బాల్ మ్యాచ్‌లు: సీటు పైనే కొనండి, స్వెటర్ మర్చిపోకండి

జులై నెలలో స్వెటర్ కొనుక్కోవాల్సి వస్తుందని మా మామగారు కలలో కూడా అనుకోలేదు. తెనాలి నుంచి వచ్చి నెల్లాళ్ళు టెక్సస్‌లో మా ఇర్వింగ్ ఎండకి మాడిపోయి, "ఎక్కడికైనా చల్లటి చోటికి పోదాం బాబూ" అన్నారు. సరే అని శాన్ ఫ్రాన్సిస్కో ప్రయాణం పెట్టాం. ఆయనకి క్రికెట్ పిచ్చి. బేస్‌బాల్ ఒక్కసారైనా చూడాలని కోరిక. అందుకని నాలుగు రోజుల ట్రిప్పులో రెండు సాయంత్రాలు అక్కడి బేస్‌బాల్ జట్టు జెయింట్స్ వాళ్ళ స్టేడియం ఒరాకిల్ పార్కుకే ఇచ్చేశాం. శనివారం కింద ఖరీదైన సీట్లు, సోమవారం పైన చవక సీట్లు. ఏవి నచ్చాయో ముందే చెప్పేస్తాను, పైవే.

ముందు బస సంగతి. స్టేడియం పక్కన హోటళ్ళ రేట్లు చూసి గుండె ఆగినంత పనైంది. అందుకే ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో మిల్‌బ్రేలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ, ఫ్రీ అన్న బ్రేక్‌ఫాస్టులో రెండో రోజుకి మిగిలింది చల్లారిన బ్రెడ్డూ అరటిపళ్ళూ. పార్కింగుకి రాత్రికింత అని బిల్లులో విడిగా వేశారు, బుక్ చేసినప్పుడు ఆ మాట ఎక్కడా కనపడలేదు. అయినా మిల్‌బ్రేలో దిగినందుకు చింత లేదు. అక్కడ కాల్‌ట్రెయిన్ ఎక్కితే చివరి స్టేషన్‌లో దిగి కాసేపు నడిస్తే స్టేడియమే. 2024 సెప్టెంబరు నుంచి ఆ లైనులో కరెంటు రైళ్ళు తిరుగుతున్నాయి. చప్పుడు లేదు, కుదుపు లేదు. కాకపోతే ఆట అయ్యాక తిరుగు రైల్లో మాత్రం పండక్కి ఊరెళ్ళే జనంలా నిండిపోతారు. మామగారికి సీటు దొరికింది, నేను నిలబడ్డాను.

టికెట్లన్నీ ఫోన్‌లోనే. నలుగురివీ నా ఫోన్‌లో ఉన్నాయి కాబట్టి గేటు దాకా ఎవరూ విడిపోకుండా నడవాల్సి వచ్చింది. ముందు ద్వారం దగ్గర జెయింట్స్ పాత ఆటగాడు విల్లీ మేస్ విగ్రహం, చుట్టూ ఇరవై నాలుగు ఈతచెట్ల లాంటి పామ్ చెట్లు. ఆయన జెర్సీ నంబరు 24. లోపల రైట్ ఫీల్డ్, అంటే మైదానం కుడి వైపు, గోడ ఎత్తు కూడా సరిగ్గా 24 అడుగులే. ఆయన 2024 జూన్‌లో పోయారు. ఎవరో విగ్రహం కాళ్ళ దగ్గర ఒక పాత గ్లోవ్ పెట్టి వెళ్ళారు.

శనివారం సీట్లు ఫస్ట్ బేస్ (పరుగు తీసేవాడు మొదట చేరే చోటు) వైపు, కింద పదిహేనో వరస. డబ్బుకి తగ్గది ఒక్కటే దక్కింది, ఆ చప్పుడు. పిచ్చర్ విసిరిన బంతి క్యాచర్ గ్లోవ్‌లో పడితే 'ఠాప్' మంటుంది చూడండి, టీవీలో ఆ చప్పుడు రాదు. బోర్డు మీద 95 మైళ్ళు అని పడింది. లెక్క వేసి గంటకి నూటయాభై పైన కిలోమీటర్లని చెప్పాను. "నేల తాకకుండా వస్తోంది కదా, అంటే ఫుల్‌టాసే. ఇంతమంది కొట్టలేకపోవడమేమిటి?" అన్నారు మామగారు. బ్యాటు గుండ్రం, బంతీ గుండ్రం అంటే ఒప్పుకోలేదు. మూడో ఇన్నింగ్స్‌లో (ఒక ఆటకి తొమ్మిది ఉంటాయి) వరసగా ముగ్గురు అవుటయ్యాక తనే, "రోకలితో నిమ్మకాయ కొట్టినట్టుంది పాపం" అన్నారు.

చప్పుడు తప్ప మిగతావన్నీ తలనొప్పే. సీట్లు కొంచెం పక్కకి తిరిగి ఉండటంతో బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేటు వైపు మెడ తిప్పి చూడాలి. ముందు వరసలో ఆరడుగుల మనిషి. బీరు ట్రేలతో వచ్చేపోయేవాళ్ళకి ప్రతి పది నిమిషాలకీ లేచి దారివ్వాలి. పైగా 2023లో పిచ్ క్లాక్, అంటే బంతి వెయ్యడానికి గడువు చెప్పే గడియారం, పెట్టాక ఆటలో జాగు తగ్గింది. బేసుల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వెయ్యాల్సిందే. ఒకసారి లేచి కూర్చునేలోపు రెండు బంతులు అయిపోతున్నాయి.

అదే సోమవారం, హోమ్ ప్లేట్ వెనక బాగా పైన కూర్చున్నాం. ఎక్కేటప్పుడు మామగారి మోకాళ్ళు మొరాయించాయి. లిఫ్టు కావాలంటే దారిలో ఏ సిబ్బందిని అడిగినా మర్యాదగా చూపిస్తారు, ఆ విషయంలో వంక పెట్టేందుకు లేదు. కూర్చున్నాక ఆయన కాసేపు ఆట చూడనే లేదు. పచ్చటి మైదానం, దాని గోడ దాటితే సముద్రపు పాయ, నీళ్ళ మీద తెల్లటి పడవలు. రైట్ ఫీల్డ్ గోడ అవతలి ఆ పాయ పేరే మెక్‌కోవీ కోవ్. మైదానం నుంచి నేరుగా ఆ నీళ్ళలో పడిన జెయింట్స్ హోమ్ రన్లకి (మన సిక్సర్ లాంటివి) లెక్క కూడా ఉంది, అందులో 35 వాళ్ళ పాత ఆటగాడు బ్యారీ బాండ్స్‌వే. ఆ బంతుల కోసం చిన్న పడవల్లో వలలు పట్టుకుని కొందరు కాచుకుని ఉంటారు. మేమున్న రెండు రోజులూ ఒక్కటీ పడలేదు. ఒకాయన పడవలో వెనక్కి వాలి చిప్స్ తింటూ హాయిగా ఉన్నాడు.

డబ్బు అసలే పెట్టనంటే దానికీ దారి ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఒడ్డున నడుస్తుంటే, రైట్ ఫీల్డ్ గోడలో ఇటుక కమానుల్లోంచి జనం లోపలికి చూస్తున్నారు. కంచె పక్కన నిలబడి టికెట్ లేకుండా ఆట చూడొచ్చు. రద్దీగా ఉంటే మూడు ఇన్నింగ్స్ తర్వాత వెనకవాళ్ళకి చోటివ్వాలి. మా ఊళ్ళో టూరింగ్ టాకీస్ డేరా సందులోంచి చూసిన రోజులు గుర్తొచ్చాయంటూ మామగారు అక్కణ్ణుంచి కదలలేదు.

మా దగ్గర ఆర్లింగ్టన్‌లో ఉన్న బేస్‌బాల్ స్టేడియం గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ దీనికి పూర్తిగా వేరు. 2020లో తెరిచారు, పైకప్పు మూస్తే ఏసీ హాలే. టెక్సస్ వేసవికి అది వరమే, కాదనను. కానీ రైలు లేదు, కారు తప్పదు, పార్కింగ్ బాదుడు తప్పదు. ఏసీలో మూడు గంటలు కూర్చుంటే పెద్ద మాల్‌లో ఉన్నట్టుంటుంది. బయట పగలో రాత్రో తెలియదు.

తిండి విషయంలో శాన్ ఫ్రాన్సిస్కో స్టేడియానికి నా ఓటు. బయటి నుంచి తిండి తెచ్చుకోనిస్తారు, సీలు తియ్యని నీళ్ళ సీసా కూడా. కూపర్టినోలో ఉండే మా ఆవిడ పిన్ని ఇచ్చిన పులిహోర రేకులో చుట్టి తీసుకెళ్ళాం. అక్కడి పేరుమోసిన వెల్లుల్లి ఫ్రైస్ కూడా కొన్నాం. పచ్చి వెల్లుల్లి తరుగు, కొత్తిమీరని పోలిన పార్స్‌లీ ఆకు ధారాళంగా చల్లుతారు. రుచి బాగుంది. కానీ మర్నాడు ఉదయం దాకా చేతుల వాసన పోలేదు.

ఏడో ఇన్నింగ్స్‌లో ఒక ఫౌల్ బంతి, అంటే గీత బయటికి పోయిన బంతి, మా కింద వరసల్లో పడింది. గ్లోవ్ వేసుకుని వచ్చిన ఓ ఎనిమిదేళ్ళ పిల్ల ఎగిరి పట్టుకుంది. "ఇప్పుడు తిరిగి విసిరేస్తుందా?" అన్నారు మామగారు. ఇంటికి పట్టుకుపోతుందని చెప్తే నమ్మలేదు. ఆ పిల్లనే అడిగించారు. ఆ పిల్ల బంతిని రెండు చేతులతో గుండెకి హత్తుకుని తల అడ్డంగా ఊపింది.

అప్పటికి చలి ఎముకల్లోకి దిగింది. కింద షాపులో కొన్న నారింజ రంగు స్వెటర్ లోపల చేతులు దాచుకుని మామగారు కదలకుండా కూర్చున్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి సముద్రం వైపు నుంచి కొంగలంత పక్షులు గుంపుగా వచ్చి స్టాండ్ల మీద తిరగడం మొదలెట్టాయి. ఆట ఎప్పుడవుతుందో వాటికి తెలుసట, మిగిలిన తిండి కోసం వస్తాయట. మా ఆవిడ గబగబా పులిహోర రేకు మూసి బ్యాగులో పెట్టేసింది. పక్క సీట్లో వదిలేసిన వెల్లుల్లి ఫ్రైస్ డబ్బా మాత్రం ఒకటి ముక్కున కరుచుకుని లేచిపోయింది.