విమానానికి మూడు వేగాలు: పైలట్‌కి ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి నుంచి మేనల్లుణ్ణి బైక్ మీద, విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్ సంస్థ మ్యూజియంకి తీసుకెళ్లాను. ఒక పాత యుద్ధవిమానం ముక్కు నుంచి ఈటెలా పొడుచుకొచ్చిన గొట్టం చూసి "మామయ్యా, ఇది తుపాకీయా?" అన్నాడు. కాదు, పీటో గొట్టం. 1732లో ఆన్రీ పీటో అనే ఫ్రెంచి ఇంజినీరు సెన్ నది ప్రవాహ వేగం కొలవడానికి ఇలాంటిదే నీళ్లలో ముంచాడు.

వాడికి మేం వచ్చిన దారినే గుర్తుచేశాను. బండి స్పీడోమీటర్ చక్రాన్ని బట్టి నేల మీద వేగం చెబుతుంది. ఛాతీకి కొట్టే గాలి లెక్క వేరు. ఎదురుగాలి ఉంటే 40లో వెళ్తున్నా 60లో వెళ్తున్నట్టు తాకుతుంది. విమానానికి ఆ ఛాతీ ఈ గొట్టమే. అందులోకి తోసుకొచ్చే గాలి ఒత్తిడిలోంచి, విమానం పక్కనున్న చిన్న రంధ్రాలు పట్టే మామూలు ఒత్తిడిని తీసేస్తే మిగిలేదే కాక్‌పిట్ మీటర్‌ని కదిలిస్తుంది. ఆ అంకె పేరు ఇండికేటెడ్ ఎయిర్‌స్పీడ్.

గాలిలో అసలు వేగం ట్రూ ఎయిర్‌స్పీడ్. 35,000 అడుగుల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడోవంతు కూడా ఉండదు. మీటర్ 260 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) చూపిస్తుంటే అసలు వేగం 450 దగ్గర ఉంటుంది. వెనకగాలి ఇంకో 50 తోడైతే నేల వేగం 500. ఫ్లైట్ యాప్‌లో మనం చూసేది ఈ నేల వేగమే, ఎన్నింటికి దిగుతామో చెప్పేదీ అదే.

విమానాన్ని గాల్లో నిలబెట్టే విషయానికొస్తే మాత్రం నా ఓటు ఇండికేటెడ్‌కే. రెక్కను మోసేది గాలి ఒత్తిడి. గాలి పలచబడి రెక్కకి బలం తగ్గితే, మీటర్ అంకె కూడా ఆ మేరకు తగ్గి పైలట్‌ని హెచ్చరిస్తుంది. అందుకే ఒకే బరువున్న విమానాన్ని చెన్నైలో దించినా బెంగళూరులో దించినా మీటర్ మీద అదే 140 నాట్లు పట్టుకుంటారు. చెన్నై సముద్రం ఒడ్డునే ఉంది. మన ఎయిర్‌పోర్టు దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ అదే 140కి అసలు వేగం సుమారు 146. ఆగడానికి రన్‌వే కాస్త ఎక్కువ కావాలి.

ఇంత నమ్మకం పెట్టుకున్న గొట్టం మూసుకుపోతే? 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 అనే విమానం పీటో గొట్టాల్లో మంచు స్ఫటికాలు చేరాయి. దాదాపు ఒక నిమిషం పాటు అంకెలు తప్పాయి, ఆటోపైలట్ ఆగిపోయింది. ఆ గందరగోళంలో విమానం ముక్కు పైకెత్తడంతో రెక్కలు పట్టు కోల్పోయాయి. 228 మంది చనిపోయారు.

నేల మీద ఆగి ఉన్నప్పుడు కందిరీగ మట్టిగూడు పెట్టినా చాలు, ముప్పే. అందుకే గొట్టానికి తొడుగు వేసి, దూరానికి కూడా కనబడేలా ఎర్ర పట్టీ వేలాడదీస్తారు. బయలుదేరే ముందు పైలట్ విమానం చుట్టూ తిరిగి, ఆ తొడుగు తీశారో లేదో తన కళ్లతో చూసుకుంటాడు.