హైఫై రాక్ కొనబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి: 68 వేలు పోగొట్టుకున్నవాడి పోస్టు

హైఫై రాక్ అంటే ఆంప్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్), టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) లాంటివి పెట్టుకునే అరల స్టాండ్. అది నాకు అమ్మినాయన పేరు రాయను. హైదరాబాద్‌లో ఆంప్‌లూ టర్న్‌టేబుళ్లూ అంటూ తిరిగేవాళ్లందరికీ ఆయన తెలుసు. ఇంట్లోనే డెమో గది, వెళ్లగానే ఫిల్టర్ కాఫీ, నోరు తెరిస్తే రెసొనెన్స్, టైమింగ్, "బ్లాక్ బ్యాక్‌గ్రౌండ్" (అంటే పాట వెనక పూర్తి నిశ్శబ్దం). ఆ, ఆయనే. ఇక్కడ గురువుగారు అందాం. ఎందుకంటే ఈరోజు సాయంత్రం నాకు పెద్ద పాఠమే చెప్పాడు.

రాత్రి పదకొండున్నరకి కూర్చుని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. ఇంకా ఒళ్లు మండుతోంది.

నాది మామూలు సెట్టు. నాన్న దాచుకున్న ఘంటసాల గారి ఎల్పీలు ఓ ముప్పై ఉన్నాయి, వాటికోసమే టర్న్‌టేబుల్ కొన్నా. టీవీ యూనిట్ మీద అది, దానికి అటూ ఇటూ స్పీకర్లు. వాల్యూమ్ కాస్త పెంచితే చాలు, "హూమ్" అని చిన్నగా మొదలై గదంతా నిండిపోయేది. పద్యం మధ్యలో ఆయన ఊపిరి తీసుకునే చోట వినపడాల్సిన నిశ్శబ్దం పోయి ఈ రొద. ఎవరినో అడిగా, రాక్ మార్చు అన్నారు. గురువుగారి నంబర్ ఇచ్చారు.

డెమోకి వెళ్లా. ముందు ఆంప్‌ని గాజు టీవీ స్టాండ్ మీద పెట్టి ఒక పాట వినిపించాడు. తర్వాత వైర్లు ఊడదీసి, కాఫీ ఇచ్చి, లోకం కబుర్లన్నీ చెప్పి, పావుగంటకి తన రాక్ మీద పెట్టి అదే పాట మళ్లీ వేశాడు. "ఎలా ఉంది సార్?" అంటూ నా మొహంలోకే చూస్తున్నాడు. గదిలో ఇంకో ఇద్దరున్నారు, కళ్లు మూసుకుని తలలూపుతున్నారు. నేనూ ఊపా. "గొంతు ముందుకొచ్చిందండీ" అన్నా. అబద్ధం కాదు, ఏదో తేడా ఉన్నట్టే అనిపించింది. "మంచి చెవి సార్ మీది, అందరికీ పట్టదు ఇది" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మూడు అరల రాక్, అసలు బల్లార్షా టేకు, కింద ఇత్తడి స్పైకులు (మొనదేలిన కాళ్లు), 55 కిలోల బరువు. 68 వేలు. డాక్ (డిజిటల్ పాటని ఆంప్‌కి అందే సిగ్నల్‌గా మార్చే డబ్బా) కింద పెట్టడానికి మూడు ఇత్తడి గుండ్లు కూడా 9 వేలకి అంటగట్టబోయాడు, ఏ దేవుడు కాపాడాడో వద్దన్నా. బిల్లు అడిగితే, "బిల్లంటే 18 శాతం ఎక్కువ పడుతుంది సార్, మనలో మనకి బిల్లేంటి" అన్నాడు. మనలో మనకి! డబ్బు పంపిన యూపీఐలో కనిపించిన పేరు కూడా ఆయనది కాదు. అప్పుడైనా బుర్ర వెలగాలి కదా, వెలగలేదు.

మా ఆవిడ ఒక్కటే అడిగింది: "ఈ బల్ల మీద పెడితే ఘంటసాల ఇంకా బాగా పాడతాడా?" తనకి వైబ్రేషన్ గురించి క్లాసు పీకాను.

రాక్ వచ్చిన రోజు మా లిఫ్టు పనిచేయట్లేదు. బక్కపలచటి కుర్రాడు ఒక్కడే దాన్ని భుజానేసుకుని మూడో అంతస్తుకి ఎక్కొచ్చాడు. 55 కిలోలు! ఏం బలంరా నాయనా అనుకుని చేతిలో 200 పెట్టా. మీరు నవ్వుకోవచ్చు.

టీవీ ఉన్న గోడకి జాగా లేక, రాక్‌ని పక్క గోడకి వేసి టర్న్‌టేబుల్, ఆంప్ దాని మీదికి మార్చా. హూమ్ మాయం! ఆ ఆనందంలో ఏం చేశానో తెలుసా? ఫోటోలు పెట్టి, గురువుగారిని ఆకాశానికెత్తుతూ ఇంత పొడుగు పోస్టు రాశా. అది చదివి వైజాగ్ నుంచి ఒకాయన నాకు మెసేజ్ పెట్టి, "మీరు చెప్పారంటే చాలండీ" అని అదే రాక్‌కి 20 వేలు అడ్వాన్స్ పంపేశాడు. ఈ పోస్టు రాస్తున్నది అసలు అందుకే.

నాలుగు నెలలు గడిచాయి. మొన్న ఆదివారం చూస్తే రాక్ ఒక పక్కకి ఒరిగి ఉంది. కుడివైపు స్పైకు ఊడి పడి ఉంది, దాంతోపాటు పిడికెడు పొట్టు. కింది అర అంచులు ఉబ్బి పూరీలా లేచాయి. తడిగుడ్డతో తుడవడమే అది చేసుకున్న పాపం. మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే కార్పెంటర్ వచ్చి, గోటితో గీకి, "సార్, ఎంతకి తీసుకున్నరు దీన్ని?" అన్నాడు. చెప్పలేక "బహుమతి వచ్చింది" అన్నా. "టేకు కాదు సార్, లోపలంత చెక్కపొట్టుతో చేసే పార్టికల్ బోర్డు. మీద కాగితమంత టేకు వెనీర్ అతికించిన్రు" అన్నాడు.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో డెమో రోజు ఫోటోలు చూస్తున్నా. మా బావమరిదికి చూపిద్దామని రెండుసార్లూ ఆంప్‌ని ఫోటో తీశాను. గాజు స్టాండ్ మీద ఉన్నప్పుడు వాల్యూమ్ నాబ్ మీది తెల్ల గీత గడియారంలో తొమ్మిది దగ్గరుంది. రాక్ మీద ఉన్నప్పుడు పది దగ్గరుంది. అదన్నమాట గొంతు ముందుకు రావడం. కొద్దిగా సౌండ్ పెరిగితే చెవికి అది "క్లారిటీ" లాగే తోస్తుంది, పైగా మధ్యలో పావుగంట కాఫీ. మొదటిసారి ఎలా వినిపించిందో ఎవడికి గుర్తుంటుంది?

ఫోటోలన్నీ వాట్సాప్‌లో పంపా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. రెండు రోజులు చూసి ఈరోజు సాయంత్రం వేరే నంబర్ నుంచి ఫోన్ చేశా.

ముందు "నీళ్లు పోసుంటారు సార్" అన్నాడు. తర్వాత "టేకు అంటే టేకు ఫినిష్ అని, మీకు చెప్పాను కదా" అన్నాడు. చెప్పలేదు. సరే అని నాబ్ సంగతి ఎత్తా. అవతల రెండు మూడు సెకన్లు చప్పుడు లేదు. అదేనేమో ఆయన చెప్పే బ్లాక్ బ్యాక్‌గ్రౌండ్. తర్వాత గొంతు మారింది. చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు అన్నాడు:

"ఏమనుకోకండి సార్. మీ చెవులింకా తయారు కాలేదు. మీకు బ్లూటూత్ స్పీకర్ చాలు."

పెట్టేశాడు. ఆ నంబర్ కూడా బ్లాక్.

తయారు కాలేదట. దమ్ములో పెట్టిన బిర్యానీనా నా చెవులు తయారవడానికి? డబ్బు పంపిన రోజు మాత్రం "మంచి చెవి". స్పైకు ఊడేసరికి చెవి పాడైపోయింది. డబ్బు పోయిందని కూడా ఇంత బాధ లేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో జాలి ఉంది చూడండి, అది మింగుడుపడట్లేదు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడా, మా ఆవిడ పక్కనే ఉంది. ఏమీ అనలేదు, లేచి వెళ్లి మజ్జిగ తెచ్చిచ్చింది. తిట్టినా బాగుండేది.

మరి హూమ్ ఎందుకు పోయిందంటారా? నిన్న తేల్చుకున్నా. టర్న్‌టేబుల్‌ని ఇంట్లో ఉన్న మామూలు ఇనప స్టూలు మీద, అదే పక్క గోడ దగ్గర పెట్టి వేశా. హూమ్ లేదు. అంటే స్పీకర్లూ టర్న్‌టేబులూ ఒకే చెక్క మీద ఉండటమే రోగం. స్పీకర్ అదురు చెక్కలోంచి సూదికి, సూది నుంచి ఆంప్‌కి, మళ్లీ స్పీకర్‌కి, ఇలా గిరగిరా తిరుగుతోంది. విడదీస్తే సరిపోయేది. దానికి ఖర్చు సున్నా.

రాక్‌లన్నీ మోసమని నేననను. రికార్డు గాడిలో మైక్రాన్లలో ఉండే కదలికని చదివే సూది అది, దాని కింద గట్టి ఆధారం ఉండాల్సిందే. గాజు గొట్టాలతో నడిచే పాతకాలపు వాల్వ్ ఆంప్‌కి రాక్ పెట్టడంలోనూ కొంత అర్థముంది, వాల్వ్ మీద గోటితో కొడితే స్పీకర్‌లో టింగుమంటుంది. కానీ గురువుగారు వల్లించే బ్రిటన్ రాక్ స్టాండ్ల కథలన్నీ అడుగేస్తే ఊగే చెక్క నేలల ఇళ్లవి. మనవి ఆర్‌సీసీ స్లాబులు బాబూ, నేను గెంతినా నా సూది ఎగరలేదు, ఇవాళే గెంతి చూశా. కింద ఫ్లాటువాళ్లు ఫోన్ చేశారు. ఇక డాక్‌కీ మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్‌కీ అయితే గాలాడే చోటు చాలు.

ఇప్పుడు ఆ కార్పెంటర్ చేతే గోడకి రెండు యాంగిల్స్ కొట్టించి, మీద తాండూరు బండ వేయించి, మధ్యలో ఏసీ ఔట్‌డోర్ యూనిట్ కింద వాడే రబ్బర్ ప్యాడ్లు పెట్టించా. అన్నీ కలిపి 1,400. ఘంటసాల గారు ఇదివరకటిలాగే పాడుతున్నారు.

కొనేవాళ్లకి: బిల్లు లేనిదే పైసా ఇవ్వకండి, "సాలిడ్ టేకు" అని బిల్లులో రాయించుకోండి, అర కింది వైపు, స్క్రూ కన్నాల్లోకి టార్చి వేసి చూడండి. డెమోలో నాబ్ మీద కన్నేసి ఉంచండి. నేను రేపు 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తున్నా. బిల్లు లేదు కాబట్టి యూపీఐ రసీదు, వాట్సాప్ చాట్ పెట్టుకుని ఏం జరుగుతుందో చూడాలి.

పాత పొగడ్త పోస్టు తీసేశాను. వైజాగ్ ఆయనకి ఇంకా చెప్పలేదు. పొద్దున్నే చేయాలి, బాకీ 48 వేలు పంపకముందే. ఏమని మొదలుపెట్టాలో తెలియట్లేదు.