ఈయం చొంబు కోసం మొదలై బెలితుంగ్ దాకా

మా ఇంట్లో చారు ఈయం చొంబులోనే, అంటే తగరం చెంబులోనే, కాగాలి. అమ్మ పుట్టిల్లు చిత్తూరు. అరవ గాలి బాగా సోకిన ఊరు కాబట్టి ఆ చొంబు కూడా ఆమెతోనే తిరుపతికి కాపురానికొచ్చింది. నీళ్ళు పోశాకే పొయ్యి వెలిగించాలని అమ్మ వందసార్లు చెప్పింది. పోయినేడు మా ఆవిడ ఫోన్ మాట్లాడుతూ ఖాళీ చొంబు స్టవ్ మీద పెట్టేసింది. చూస్తుండగానే అడుగు వెన్నలా జారి, బర్నర్ మీద వెండిముద్దలా కూర్చుంది. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది మరి. కొత్తదాని ధర వెతుకుతూ, అసలు ఈ తగరం ఎక్కడిదని చూడబోతే ఇండోనేషియాలో బెలితుంగ్ అనే ద్వీపం తగిలింది. బాలి అంటున్న మా ఆవిడకు "అక్కడా సముద్రం ఉంది" అని చెప్పి ఒప్పించాను.

తిరుపతి నుంచి చెన్నైకి కారు, అక్కణ్ణించి కౌలాలంపూర్ మీదుగా జకార్తా, మళ్ళీ గంట విమానంలో బెలితుంగ్‌లోని తంజుంగ్ పండాన్ ఊరు. జకార్తాలో మా చివరి విమానం మూడు గంటలు లేటు. కౌంటర్లో అమ్మాయి నవ్వు ఆపలేదు, సమాధానమూ చెప్పలేదు. టికెట్లు విడివిడిగా కొనేవాళ్ళు మధ్యలో ఐదారు గంటలు వదులుకుంటే టెన్షన్ ఉండదు. వీసా ముందే ఆన్‌లైన్లో తీసుకున్నాం, 5 లక్షల రుపియా. లక్షలని గుండె పట్టుకోనక్కర్లేదు, మన లెక్కలో మూడు వేలకు లోపే.

మొదటి రెండు రాత్రులు ఊళ్ళో ఓ మామూలు హోటల్లో దిగాం. గది శుభ్రం, ఏసీ చల్లగా ఉంది. "వెజిటేరియన్ టిఫిన్ ఉంది" అన్న మాట మాత్రం నమ్మకండి. ఫ్రైడ్ రైస్ అని పెట్టినదాంట్లో ఎండురొయ్యల ముద్ద వాసన గుప్పుమంది. మా ఆవిడ పచ్చి శాకాహారి, ప్లేటు నా వైపు తోసేసి మనం తీసుకెళ్ళిన పుళిహోర పొడి విప్పింది. తెల్లన్నం ఎక్కడైనా దొరుకుతుంది, పొడులు దండిగా పెట్టుకోండి.

మూడో రోజు కారు మాట్లాడుకున్నాం, డ్రైవరుతో కలిపి రోజుకు 6 లక్షల రుపియా. బస్సులను నమ్ముకుని తిరిగే చోటు కాదది. ఊరు దాటక ముందే కావోలిన్ చెరువు చూపించాడు. చీనామట్టి తవ్విన గుంత, గట్లు సున్నం కొట్టినట్టు తెల్లగా, నీళ్ళు నీలిమందు కలిపినట్టు. ఫోటోకు బ్రహ్మాండం, పావుగంటకు మించి అక్కడ పని లేదు.

అసలు చూడాల్సింది తూర్పున కెలాపా కంపిత్ దగ్గరి నామ్ సాలు అనే పాత తగరం గని. చివర్లో రోడ్డు చెడిపోయి కారు ఊగిసలాడింది. ఎక్కి అంచున నిలబడితే కింద ఒక కొండ లేదు. కొండ ఉండాల్సిన చోట గొయ్యి, అడుగున ఆకుపచ్చని నీళ్ళు. కుప్పం వైపు గ్రానైట్ క్వారీలు చూసినవాణ్ణి, నాకేం కొత్త అనుకున్నా. కానీ ఇక్కడ గోడల్లో నల్లగా బొక్కలు కనిపించాయి. అవి పాత సొరంగాల నోళ్ళు. ముందు మనుషులు లోపలికి దూరి తవ్వారు, తర్వాత యంత్రాలొచ్చి ఆ సొరంగాలను పక్కనుంచి కోసేశాయి. కోసిన బొప్పాయిలో గింజల అరలా బయటపడి ఉన్నాయి. తుప్పు రంగు రాయి, గాలి లేదు, ఎండ మాత్రం మన మే నెల.

ఈ ద్వీపం పేరు మీదే 1860లో నెదర్లాండ్స్‌లోని ది హేగ్‌లో బిల్లిటన్ అనే కంపెనీ పుట్టింది. డచ్చివాళ్ళు బెలితుంగ్‌ను అలాగే పలికారు. గనుల్లో దిగింది దక్షిణ చైనా నుంచి వచ్చిన కూలీలు. ఈ గొయ్యిలో 1970లలో పనిచేసిన ఆస్ట్రేలియా కంపెనీ బీహెచ్‌పీ, 2001లో అదే బిల్లిటన్‌తో కలిసిపోయి బీహెచ్‌పీ బిల్లిటన్ అయింది. ఇప్పుడు పేరులోంచి ఆ రెండో ముక్క తీసేశారు. 1985లో ప్రపంచ తగరం మార్కెట్ కుప్పకూలడంతో ఇక్కడి బతుకులూ తలకిందులయ్యాయట. మా డ్రైవరు తాత గని మనిషే. ఫోన్లో అనువాదం పెట్టి అతను చెప్పింది ఒక్క మాట, "అప్పుడు మాకు కరెంటు కూడా గని కంపెనీయే ఇచ్చేది." అక్కడ బోర్డులు కొన్నే ఉన్నాయి, గైడు లేడు. రాళ్ళూ నేలా చెప్పే భూమి చరిత్రకు గాను 2021లో యునెస్కో జియోపార్క్ గుర్తింపు వచ్చిన ద్వీపానికి ఇది చాలా తక్కువ. చదువుకుని వెళ్తేనే గిట్టుబాటు.

తిరుగు దారిలో మంగ్గార్‌లో ఆగాం. వెయ్యిన్నొక్క కాఫీ కొట్ల ఊరని పేరు. నల్ల కాఫీ కటిక చేదు, పాల కాఫీ అంటే గ్లాసు అడుగున డబ్బా పాలు. ఫిల్టర్ కాఫీ నాలుకకు రెండూ ఆనలేదు. అయినా గని కూలీలకు అలవాటైన తాగుడని తెలిశాక రెండో గ్లాసు తాగాను.

చివరి రాత్రి బీచ్ దగ్గర గది. సముద్రం గదిలోంచే కనిపిస్తుంది, వేడినీళ్ళు మాత్రం రావు. అయినా మళ్ళీ వెళ్తే రెండు రాత్రులు ఇక్కడే ఉంటాను. తంజుంగ్ తింగ్గి బీచ్‌లో ఏనుగుల్లాంటి గ్రానైట్ గుండ్లు నీళ్ళలోకి దిగి నిలబడి ఉంటాయి, పుంగనూరు దారి గుట్టల్ని తెచ్చి సముద్రంలో పెట్టినట్టు. తగరం వచ్చింది కూడా ఈ గ్రానైట్‌తోనే. రాయి అరిగి వాగు ఇసుకలో ఖనిజం మిగిలింది. పడవ మాట్లాడుకుని లెంగ్‌కువాస్ దీవికీ వెళ్ళాం. 1882 నాటి తెల్ల లైట్‌హౌస్ ఉంది. పడవలో లైఫ్ జాకెట్లు ఉన్నాయి కానీ అడిగితేనే ఇచ్చారు.

నేను మాత్రం గంగాన్ అనే చేపల పులుసు తిన్నాను. పసుపు, అనాస ముక్కలు, పులుపు. చింతపండు మర్చిపోయిన నెల్లూరు వంటవాడు చేసినట్టు ఉంది, బాగుంది.

కొట్లో సతం రాయి ఉంగరాలు అమ్ముతున్నారు. నల్లగా, గుంతలు గుంతలుగా ఉండే రాయి. తగరం తవ్వుతుంటే దొరికేది. దాదాపు ఎనిమిది లక్షల ఏళ్ళ కిందట ఉల్క పడిన వేడికి నేల కరిగి ఎగిరి గడ్డకట్టిన గాజట. ఏ గ్రహానికి పనికొస్తుందో మన జ్యోతిష్కులు ఇంకా తేల్చలేదు కాబట్టి కొనలేదు. తెల్ల మిరియాలు అర కిలో కొన్నాం.

ఇంటికొచ్చి ఫోటోలన్నీ చూపించాను. అమ్మ గొయ్యి ఫోటో దగ్గర కాసేపు ఆగింది. "అంత దూరం తగరం కోసం పోయినోడివి, ఒక చొంబు తేలేదేమిరా?"

మిరియాలు వాసన చూసి డబ్బాలో పోసుకుంది. చారు ఇప్పటికీ స్టీలు గిన్నెలోనే కాగుతోంది.